సర్దుకో నాయనా అన్నాను

మా వైపు సముద్రం అంటే చెరువు. నవ్వకండి, నిజమే చెబుతున్నా. వానలు సరిగా పడని సీమలో చెరువు తవ్వించిన పాతకాలం రాజులు దానికి సముద్రమనే పేరు పెట్టుకున్నారు. అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉంది. మా గోరంట్ల మండలంలోనే పాలసముద్రం ఉంది. ఆ పాలసముద్రంలో ఇప్పుడు కస్టమ్స్ ఆఫీసర్లకు చదువు చెప్పే జాతీయ అకాడమీ వచ్చింది. 2024 జనవరిలో ప్రధానమంత్రి వచ్చి ప్రారంభించారు. ఓడరేవు కాదు కదా, ఓడ బొమ్మ కూడా సరిగా చూడని మండలంలో కస్టమ్స్ చదువు ఏమిటో అని మేం నవ్వుకున్నాం.

అందుకే మా పెద్దోడు సముద్రం మీద ఉద్యోగానికి పోతానన్నప్పుడు మా అత్తమ్మ అమాయకంగా, "యా సముద్రంరా అబ్బీ? పాలసముద్రమా?" అని అడిగింది. వాడు పడీపడీ నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటర్ ఎం.పి.సి. చదివినవాడు ఇంజనీరింగుకు పోతాడనుకున్నా. లేదంటే పెనుకొండ దగ్గర కియా కంపెనీలోనో, దాని చుట్టూ ఉన్న చిన్న కంపెనీల్లోనో చేరి రాత్రికి ఇల్లు చేరతాడనుకున్నా. వీడేమో విశాఖపట్నంలో ఆరు నెలల కోర్సు చేసి ఓడలో డెక్ మీద పనికి పోతానన్నాడు. ఫీజు కోసం నా గాజులు, హారం హిందూపురంలో బ్యాంకులో పెట్టాం. గాజులు తర్వాత విడిపించాంగానీ హారం ఇప్పటికీ అక్కడే ఉంది. ఈ కథలో దానికీ పని ఉంది కాబట్టి గుర్తుపెట్టుకోండి.

2021 చివర్లో వాణ్ణి కోర్సులో దింపడానికి ధర్మవరంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖకు పోయాం. నలభై మూడేళ్ళ వయసులో నేను సముద్రం చూడడం అదే మొదలు. తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చి రాళ్ళల్లో ఇరుక్కుపోయిన ఓడ ఒకటి కనిపించింది. బంగ్లాదేశ్ ఓడ, పేరు 'ఎం.వి. మా'. 2020 అక్టోబరులో వాయుగుండానికి కొట్టుకొచ్చిందట. జనం ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. మా ఆయన అక్కడ మొక్కజొన్న కంకులు అమ్మే మనిషిని, "ఎంతమంది ఉన్యారు సామీ దీంట్లో? అందరూ బతికినారా?" అని అడిగాడు. పదిహేను మంది, అందరినీ క్షేమంగా దింపారు అన్నాడు. నాకు ప్రాణం కుదుటపడింది. కానీ మనసులో ఇంకో మాట మిగిలింది. ఇంత ఇనుముకు పదిహేను మందేనా? మా వీధిలో పెళ్ళి వంటకే పదిహేను మంది చాలరే!

ఓడల గురించి నేను వేసుకున్న మొదటి ప్రశ్న అది. ఆ రోజు ఎవరినీ అడగలేదు. తప్పు చేశా.

వాడి మొదటి ఓడ పెద్దది. బొగ్గు, ఇనుప ఖనిజం మోసేది. ఇరవై రెండు మంది. వాడు ఫోన్ చేసినప్పుడల్లా హుషారుగా ఉండేవాడు. తిమింగలం చూశానన్నాడు. ఫిలిప్పీన్స్ అబ్బాయి దగ్గర పాటలు నేర్చుకున్నానన్నాడు. రాగి సంగటి లేదు కానీ అన్నం బాగుంది అన్నాడు. తిరిగొచ్చినప్పుడు ఒళ్ళు చేసి వచ్చాడు. ఊర్లో అందరూ, "మీ పిల్లోడు దేశాలన్నీ తిరుగుతాండాడు, మీకేమక్కా" అన్నారు. నేనూ కొంచెం మురిసిపోయాను. దాచుకోవడం ఎందుకు!

రెండో ఓడతో కథ మారింది. 2023 ఆగస్టులో ఎక్కాడు. ఇది చిన్నది. రెండు మూడు రోజులకో రేవు, ప్రతి రేవులో దింపడం, ఎక్కించడం. పద్నాలుగు మంది. ఎక్కిన రెండో నెలలో వాళ్ళలో ఒక సీనియర్ డెక్ మనిషి తండ్రికి బాగాలేదని దిగిపోయాడు. బదులు మనిషి వచ్చే రేవులో వస్తాడన్నారు. వచ్చే రేవులో, ఆ తర్వాతి రేవులో అన్నారు. వాడు ఇంటికొచ్చే వరకూ ఆ మనిషి రాలేదు. ఆ మనిషి పని మా వాడి మీద, ఇంకొకతని మీద పడింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఓళిగలకు పూర్ణం రుబ్బుతున్నా. వాట్సాప్‌లో ఫోన్ వచ్చింది.

"మా, తింటివా?"

"నువ్వు తింటివా నాయనా?"

"ఆ... ఇప్పుడే వస్తి మా డెక్ మీద నుంచి. కాళ్ళు..." అన్నాడు. అంతే. తర్వాత మాట లేదు. సిగ్నల్ పోయిందనుకుని హలో హలో అన్నా. చెవికి గట్టిగా ఆనించుకుంటే గురక వినిపించింది. మాట మధ్యలో నిద్రపోయాడు. చేతికి పిండి, ఫోనుకు పిండి. కట్ చేయబుద్ధి కాలేదు. వాడి నిద్ర శబ్దం వింటూ పది నిమిషాలు అట్లనే కూర్చున్నా. చిన్నప్పుడు ఉయ్యాలలో వాడు నిద్రపోయాక కూడా ఊపుతూనే ఉండేదాన్ని, అట్ల.

మరుసటి ఫోన్లో నిలదీశా. అప్పుడు చెప్పాడు. ఆరు గంటలు పని, ఆరు గంటలు విశ్రాంతి, మళ్ళీ ఆరు గంటలు పని. రోజూ అంతే, ఆదివారం లేదు, పండగ లేదు. ఆ విశ్రాంతి ఆరు గంటల్లోనే స్నానం, తిండి, బట్టలు ఉతుక్కోవడం. మిగిలేది నాలుగు, నాలుగున్నర గంటలు. మధ్యలో రేవు వస్తే ఓడను తాళ్ళతో కట్టడానికి అందరూ లేవల్ల. అది రెండు గంటలో మూడు గంటలో ఎవరికీ తెలీదు.

"మరి ఎవరూ అడగరా?" అన్నా.

"అడుగుతారు మా. ఎంతసేపు పని చేసినాం, ఎంతసేపు పండుకున్నాం అని ఒక కాగితం ఉంటాది. దాంట్లో అడ్జస్ట్ చేసి రాయల్ల. ఉండేది ఉన్నట్టు రాస్తే రేవులో ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటాడు, ఓడ ఆగిపోతాది. నేనే సంతకం పెడతాండా."

ఇక్కడ నేనన్న మాట రాయడానికే సిగ్గుగా ఉంది. అయినా రాస్తా. "ఇంకెంత నాయనా, ఆరు నెలలే కదా. సర్దుకో" అన్నా.

ఆ మాట నా నోట్లో ఎంత తేలిగ్గా వచ్చిందో! మా అమ్మ నాకు చెప్పింది అదే మాట కదా. పెళ్ళయిన మూడో నెలలో నేను ఏడుస్తూ ఫోన్ బూత్ నుంచి మాట్లాడితే, "సర్దుకోమ్మా" అంది. మీ అమ్మ మీకు చెప్పి ఉంటుంది. మనం అడ్జస్ట్ అనే ఇంగ్లీషు ముక్కను తెలుగు చేసేసుకున్నాం. బస్సులో సీటుకూ అదే, సంసారానికీ అదే.

2024 మార్చిలో అమెరికాలో బాల్టిమోర్ దగ్గర 'డాలీ' అనే కంటైనర్ ఓడ వంతెనను గుద్దింది. వంతెన మీద గుంతలు పూడ్చే కూలీలు ఆరుగురు చనిపోయారు. ఓడలో ఉన్నవాళ్ళు దాదాపు అందరూ మన దేశం వాళ్ళే. ఆ రోజు బంధువులందరూ నాకు ఫోన్లు. "మీవాడు ఆ ఓడే కాదు కదా?" కాదు. ఆ ప్రమాదం మనుషులు చాలక కాదు, ఓడలో కరెంటు పోయి అదుపు తప్పడం వల్ల. ముందే హెచ్చరిక పంపడంతో వంతెన మీదికి బండ్లు రాకుండా ఆపగలిగారు. అయినా ఆ రాత్రి టీవీలో ఆ వంతెన కూలడం ఎన్నిసార్లు చూపించారో అన్నిసార్లు నా కడుపులో ఏదో కూలింది.

మే నెలలో ఇంటికొచ్చాడు. చిక్కిపోయాడు, కళ్ళ కింద నలుపు. మొదటి వారం పొద్దూ మాపూ నిద్రే. అలసట, తగ్గిపోతుందిలే అనుకున్నా. ఒక సాయంత్రం మిద్దె మీద నేను దుప్పట్లు ఆరేస్తున్నా. తడి దుప్పట్ల బరువుకు నైలాన్ తాడు టప్పున తెగింది. వెనకాల నిలబడి ఫోన్ చూసుకుంటున్నవాడు ఒక్క ఎగురు ఎగిరి కింద పడుకున్నాడు. తల మీద చేతులు పెట్టుకుని! నేను మొదట నవ్వాను. లేచాక వాడి ముఖం చూసి నవ్వు ఆగిపోయింది.

రాత్రి సంగటి తింటూ చెప్పాడు. ఊరుబిండి నంజుకుంటూ, తల వంచుకుని, ఎవరి కథో చెప్పినట్టు. జనవరిలో ఒక రేవులో తెల్లవారుజామున ఓడ కడుతున్నారట. ముందు భాగంలో నలుగురు ఉండాల్సిన చోట ముగ్గురే. అంతకు ముందు రోజంతా కలిపి వాడు నిద్రపోయింది మూడు గంటలు. పెద్ద తాడు బిగిసిపోయి ఉన్నప్పుడు దాని దారిలో నిలబడకూడదని కోర్సులో మొదటి వారమే నేర్పిస్తారు. తెగితే తుపాకి గుండు లాగా వెనక్కి కొడుతుంది. కాళ్ళు తెగినవాళ్ళు, ప్రాణం పోయినవాళ్ళు ఉన్నారు. వాడికి తెలుసు. తెలిసీ అక్కడే నిలబడ్డాడు. "నిలబడినానని కూడా నాకు తెలీదు మా. కండ్లు తెరిచే ఉండాయి" అన్నాడు. వాళ్ళ బోసన్, అంటే డెక్ మేస్త్రీ, అరిచి చొక్కా పట్టుకుని లాగాడట. లాగిన తర్వాత ఎంతసేపటికి తాడు తెగిందని అడిగా.

"లాగినాక కాదు మా. లాగుతాంటేనే."

మా ఆయన లేచి చేయి కడుక్కోవడానికి పోయాడు. చాలాసేపు రాలేదు. నేనేమో లెక్క వేసుకున్నా. అది జనవరి. నేను సర్దుకో అన్నది నవంబరులో.

అప్పటి నుంచి మా అమ్మాయి సాయంతో ఫోన్లో చదవడం మొదలుపెట్టా. దానికి డిగ్రీ ఇంగ్లీషు వచ్చు, నాకు అనుమానాలు వచ్చు. ఇద్దరం కలిసి ఒక మాదిరి చదువరులమయ్యాం.

రూల్సు లేకపోలేదు. ఓడ పనివాళ్ళ కోసం 2006లో చేసుకున్న అంతర్జాతీయ ఒప్పందం ఒకటి ఉంది. 2013 నుంచి అమల్లో ఉంది, మన దేశం 2015లో ఒప్పుకుంది. దాని ప్రకారం ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏడు రోజుల్లో 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ పది గంటలను రెండు ముక్కలకు మించి చేయకూడదు, అందులో ఒక ముక్క ఆరు గంటలకు తగ్గకూడదు. ఇప్పుడు మా వాడి లెక్క చూడండి. ఆరు పని, ఆరు విశ్రాంతి అంటే వారానికి 84 గంటల విశ్రాంతి. కాగితం మీద బ్రహ్మాండం! కానీ ఆ ఆరు గంటల ముక్కలో రేవు వచ్చి లేపారంటే రూలు విరిగిపోయినట్టే. రెండు రోజులకో రేవు ఉన్న ఓడలో అది విరగని వారమే ఉండదు. మిగిలింది కాగితాన్ని సర్దడం.

మనుషుల లెక్కకూ కాగితం ఉంది. ఏ దేశం జెండా కింద ఓడ నడుస్తుందో ఆ దేశం వాళ్ళు, ఈ ఓడను భద్రంగా నడపడానికి కనీసం ఇంతమంది ఉండాలి అని రాసిస్తారు. ఓడ యజమాని ఒక దేశం, జెండా పనామాదో లైబీరియాదో, పనివాళ్ళు మన పిల్లలు. మా వాడి ఓడకు ఆ కాగితంలో పన్నెండు అని ఉందట. పద్నాలుగులో ఒకరు దిగినా పదమూడు మంది. "కావాల్సిన దానికన్నా ఒకరు ఎక్కువే ఉన్నారు కదా" అని ఆఫీసు నుంచి జవాబు. కనీసం అంటే పరీక్షలో 35 మార్కులు. 35 వచ్చిన పిల్లోడు ఫెయిల్ కాలేదు, నిజమే. కానీ 35కే ఫీజు కడతామని ఏ తల్లయినా బడితో ఒప్పందం చేసుకుంటుందా?

ఇంకొకటి చదివి నాకు నిద్ర పట్టలేదు. 1987 మార్చి 6న బెల్జియంలో జీబ్రుగ్ రేవు నుంచి 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' అనే ఓడ బయలుదేరింది. కార్లు, లారీలు, మనుషులు అందరినీ ఎక్కించుకునేది. లోపలికి బండ్లు పోవడానికి ముందు భాగంలో పెద్ద తలుపులు ఉంటాయి. ఆ తలుపులు వేయకుండానే ఓడ కదిలింది. నీళ్ళు లోపలికి వచ్చి కొద్ది నిమిషాల్లోనే పక్కకు ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. తలుపులు వేయాల్సిన మనిషి శుభ్రం చేసే పని ముగించుకుని గదిలో నిద్రపోయాడు. వేశారో లేదో చూడాల్సిన ఆఫీసర్ అదే సమయానికి పైన ఇంకో చోట ఉండాలి కాబట్టి పైకి పోయాడు. వాళ్ళ కంపెనీ ఓడలే ఇంకో దారిలో నడిచేటప్పుడు కెప్టెన్ కింద ముగ్గురు డెక్ ఆఫీసర్లు ఉండేవాళ్ళు. ఈ దారిలో ఇద్దరే.

రాత్రి పడుకునే ముందు వాకిలి గడియ వేశామా, గ్యాస్ కట్టేశామా అని రెండుసార్లు చూసుకునే జాతి మనది. ఒకే మనిషి రెండు చోట్ల ఉండాల్సి వస్తే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పొయ్యి మీద పాలు, వాకిట్లో గ్యాస్ బండ, ఉయ్యాలలో బిడ్డ ఏడుపు. పాలు పొంగితే, "ఆ మాత్రం చూసుకోలేవా?" అంటారు. ఇంకో మనిషి లేదేమని ఎవరైనా అన్నారా?

2010 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ పగడాల మీదికి 'షెన్ నెంగ్ 1' అనే బొగ్గు ఓడ ఎక్కేసింది. కాపలాలో ఉన్న ఆఫీసర్ ఓడను తిప్పాల్సిన చోట తిప్పలేదు. ఆస్ట్రేలియా వాళ్ళ విచారణలో తేలిందేమంటే, అంతకు ముందు ముప్పై ఎనిమిదిన్నర గంటల్లో అతను నిద్రపోయింది రెండున్నర గంటలు. రేవులో బొగ్గు ఎక్కించే పని చూసుకుని, వెంటనే కాపలాకు నిలబడ్డాడు. అంతకు ముందు 1989లో అలాస్కాలో 'ఎక్సాన్ వాల్డెజ్' ఆయిల్ ఓడ. లోకమంతా కెప్టెన్ తాగుడు గురించే మాట్లాడుకుంది. అమెరికా విచారణ బోర్డు మాత్రం ఓడ నడుపుతున్న థర్డ్ మేట్ అలసటనూ, విశ్రాంతి తీసుకున్న సిబ్బందిని, చాలినంతమందిని ఇవ్వని కంపెనీనీ కూడా కారణాల్లో రాసింది. జనం గుర్తుపెట్టుకున్నది తాగుడే.

ఇవన్నీ చదువుతుంటే నాకు మా పట్టుపురుగుల షెడ్డు గుర్తొచ్చింది. హిందూపురం వైపు చాలా ఇళ్ళల్లో పట్టుపురుగులు పెంచుతారు, మేమూ కొన్నేళ్ళు పెంచాం. తెలియనివాళ్ళకు చెబుతా. పురుగు నాలుగుసార్లు జ్వరం పడి లేస్తుంది, అంటే కుబుసం విడుస్తుంది. నాలుగో జ్వరం లేచాక వారం రోజులు దాని ఆకలికి అంతు ఉండదు. మొత్తం తినే ఆకులో ముక్కాలు పైగా ఆ వారంలోనే. పగలూ రాత్రీ మల్బరీ ఆకు కోయల్ల, వేయల్ల, పెంట తీయల్ల. ఒక పంట అదే వారంలో మా అత్తమ్మకు చికున్‌గున్యా వచ్చింది. కూలి మనిషి రాలేదు. మా ఆయన, నేను ఇద్దరమే. నాలుగు రోజులు నెట్టుకొచ్చాం. ఐదో రాత్రి నేను ఆకు మోపు మీద కూర్చుని అట్లే ఒరిగిపోయా. తట్టలు పెట్టే స్టాండు కాళ్ళ కింద గిన్నెల్లో నీళ్ళు పోసి పెడతాం, చీమలు ఎక్కకుండా. ఆ రాత్రి నీళ్ళు పోయడం మరిచిపోయా. తెల్లారేసరికి మూడు వరసల తట్టల నిండా చీమలు.

"ఒక్క రాత్రి మేల్కోలేకపోతివా?" అన్నాడు మా ఆయన. నాలుగు రాత్రులు మేల్కొన్న సంగతి లెక్కలోకి రాలేదు. నేనూ నాదే తప్పు అనుకున్నా. చాలా ఏళ్ళు అట్లనే అనుకున్నా.

ఈ మధ్య అదే మా ఆయనతో వాదం పెట్టుకున్నా. ఆయన మాట ఆయనది. "మిషన్లు వచ్చినాయి, మనుషులు తగ్గుతారు. ధర్మవరంలో మగ్గాలు పోయి పవర్‌లూములు రాలేదా?" అంటాడు. నిజమే. 2021లో సూయజ్ కాలువకు అడ్డం పడిన 'ఎవర్ గివెన్' ఓడ పొడవు 400 మీటర్లు, దాన్ని నడిపేది ఇరవై ఐదుగురు మనవాళ్ళే. మిషన్ లేకుండా అది కుదరదు. కానీ మిషన్ తాడు కట్టదు కదా. తుప్పు గీకదు, వంట చేయదు, జ్వరం వచ్చినవాడి కాపలాకు నిలబడదు. పైగా పవర్‌లూము దగ్గర నిద్రొస్తే ఇంటికి పోయి పడుకోవచ్చు.

మా అమ్మాయి చూపించిన వాటిలో ఒక రిపోర్టు పేరు విని నేను ఉలిక్కిపడ్డా. స్వీడన్‌లో మాల్మో అనే ఊర్లో ప్రపంచ సముద్ర విశ్వవిద్యాలయం ఉంది. ఓడల్లో పని గంటలు ఎట్ల రాస్తున్నారో వాళ్ళు పరిశోధించి 2020లో రిపోర్టు ఇచ్చారు. గంటలు సర్ది రాయడం అక్కడ మామూలు వ్యవహారం అయిపోయిందని, దానికి వెనక అసలు కారణం మనుషులు చాలకపోవడమని రాశారు. ఆ రిపోర్టుకు పెట్టిన పేరుకు అర్థం, 'సర్దుబాటు సంస్కృతి'. మా అమ్మాయి చదివి నా వైపు చూసింది. నేను చూపు తిప్పుకుని ఉల్లిగడ్డలు తరిగా.

జులైలో వాడికి మళ్ళీ పిలుపు వచ్చింది. అదే మాదిరి చిన్న ఓడ, జీతం కొంచెం ఎక్కువ, పది రోజుల్లో ఎక్కాలి. మా ఆయన ముఖంలో హారం కనిపించింది. బ్యాంకు వడ్డీ కట్టాల్సిన నెల. నేను వాడి పక్కన కూర్చున్నా.

"ఎంతమంది ఉంటారో అడుగు."

"అట్లడిగితే పని ఇయ్యరు మా. వీడు తలనొప్పి అనుకుంటారు."

"డెక్ మీద ఎంతమంది, కాపలా ఆరు గంటలా నాలుగు గంటలా, అది మాత్రం అడుగు."

అడిగాడు. పన్నెండు మంది, ఆరు గంటల కాపలా. మూడు రోజులు ఇంట్లో ఎవరం సరిగా మాట్లాడుకోలేదు. నాలుగో రోజు వాడే వద్దన్నాడు. రెండున్నర నెలలు ఇంట్లో కూర్చున్నాడు. చెనిక్కాయ చేనికి పోయాడు. "ఓడ ఉద్యోగం ఊడిందంట కదక్కా?" అని వీధిలో పరామర్శలు. ఒకావిడ అయితే పెళ్ళి సంబంధం మాట వెనక్కి తీసుకుంది. వడ్డీ కోసం మా తమ్ముడి దగ్గర చేబదులు తీసుకున్నా. అప్పుడు నేను ధైర్యంగా ఉన్నానని చెప్పను. రోజుకు రెండుసార్లు, పొమ్మని ఉంటే పోయేది కదా అనిపించేది.

మీలో ఎవరి పిల్లలైనా ఈ దారిలో ఉంటే ఒక మాట. పనిలో పెట్టే ఏజెంటుకు లైసెన్సు ఉందా అని ముంబయిలోని షిప్పింగ్ డైరెక్టరేట్ వెబ్‌సైటులో చూడొచ్చు. ఉద్యోగం ఇప్పించడానికి పిల్లల దగ్గర డబ్బు తీసుకోవడం రూల్సుకు విరుద్ధం. విశ్రాంతి గంటల కాగితం కాపీ ఒకటి పనివాడికి ఇవ్వాలి, అదీ రూలే. ఇవి నేను ముందే తెలుసుకోవాల్సినవి. హారం పెట్టేటప్పుడు బంగారం రేటు మాత్రం బాగా తెలుసుకున్నా!

అక్టోబరులో ఇంకో ఓడ దొరికింది. ఇరవై ఒక్కమంది. నాలుగు గంటల కాపలా, ఎనిమిది గంటలు ఖాళీ. జీతం ఆ చిన్న ఓడ కన్నా తక్కువ. బయలుదేరే రోజు పచ్చడి సీసాలు, చింతపండు, రాగి పిండి సర్ది, వాటి మధ్యలో ఒక గళ్ళ నోటుబుక్కు పెట్టా.

"ఇదేం మా?"

"నువ్వు నిజంగా పండుకున్న గంటలు దీంట్లో రాయి. ఎవరికీ చూపించొద్దు. నాకు చెప్పు చాలు." కొంచెం ఆగి అన్నా, "ఆపొద్దు సర్దుకో అంటినే, అది తప్పు నాయనా."

వాడు సంచి జిప్పు లాగుతూ, "నువ్వు అనకున్నా సర్దుకునేవాణ్ణిలే మా" అన్నాడు. నాకు అది ఓదార్పో కాదో ఇప్పటికీ తెలీదు.

ఎక్కి నాలుగు నెలలైంది. ఆదివారాలు ఫోన్ చేస్తాడు. ఇంతకు ముందు తిన్నావా అని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు మొదటి మాట, "ఈ వారం ఎంత?" వాడు నోటుబుక్కు చూసి చెబుతాడు. ఎనభై ఎనిమిది. తొంభై ఒకటి. నేను క్యాలెండర్ మీద పాల లెక్క పక్కన రాసుకుంటా. మా అత్తమ్మ, "పాలు తొంభై లీటర్లా?" అని ఒకరోజు కంగారు పడింది.

పోయిన ఆదివారం డెబ్బై తొమ్మిది అన్నాడు. ఏం నాయనా తగ్గింది అన్నా. ఒకతనికి వెన్నునొప్పి, పోయిన రేవులో దిగిపోయాడట. ఇప్పుడు ఇరవై మంది. బదులు మనిషి సింగపూరులో ఎక్కుతాడని చెప్పారట. ఓడ సింగపూరు చేరేది గురువారం. ఈ రోజు మంగళవారం.

క్యాలెండర్ మీద గురువారం చుట్టూ పెన్నుతో గీశా. ఆ రోజు ఇంట్లో పూజ కూడా ఉంది. పూజ సాయంత్రం. ఫోన్ పొద్దున్నే చేస్తా.